నడిమి వాటాలో దూది చప్పుడు

ప్రస్తుతం నా మకాం ఒంగోలులో, మా అమ్మాయి అద్దెకుండే ఫ్లాటులో. పై అంతస్తులో కొత్తగా దిగినవాళ్లు మధ్యాహ్నం నేను భోజనం చేసి నడుం వాల్చే వేళకు సరిగ్గా ఏదో బరువైన వస్తువును ఆ మూల నుంచి ఈ మూలకు ఈడుస్తారు. కాసేపు ఆగి మళ్లీ ఈ మూల నుంచి ఆ మూలకు. అది మంచమా, బీరువానా, కుట్టుమిషనా అన్నది నా ఊహకు వదిలేశారు. నేను అలవాటు ప్రకారం ఆ సంగతిని ఏ రోజుకారోజు డైరీలో రాసుకుంటూ వచ్చాను. పోయిన వారం అపార్టుమెంటు సంఘం కార్యదర్శి, మంచి మర్యాదస్తుడు, మెట్ల దగ్గర కనబడి, "తాతగారూ, మీరు నేరుగా పోయి ఏమీ అనకండి. మాటా మాటా పెరుగుతుంది. నాకు వదిలేయండి, నేను మాట్లాడతాను" అన్నాడు. ఆయన ఆ మాట అనడమే ఆలస్యం, నేను కర్ర పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకి పోయి ఆ తలుపు నేనే తట్టాను. తలుపు తీసిన ఇల్లాలు నన్ను చూసి కంగారుపడి కుర్చీ వేసింది. వాళ్ల అత్తగారికి పక్షవాతమట. అన్నం తినిపించేటప్పుడు ఆమె మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపి, తర్వాత మళ్లీ ఫ్యాను కిందికి జరుపుతారట. కాసేపు ఆ ముసలామెతో మాట్లాడి, మంచినీళ్లు తాగి కిందికి వచ్చాను. నా వెనకే పైకి వచ్చిన మా అమ్మాయి చిన్నబుచ్చుకుంది. "ఆయన మాట్లాడతానన్నాడు గదా నాన్నా, ఈ వయసులో నీకెందుకీ మెట్లు?" అంది. ఎందుకో చెప్పాలంటే మార్కాపురంలో నేను గుమాస్తాగా ఉన్న రోజుల దగ్గర మొదలుపెట్టాలి.

అప్పుడు మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది. కర్నూలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. యుద్ధం జరుగుతున్న రోజులు. మా నాయన పోయిన తర్వాత హనుమంతునిపాడు దగ్గరి మెట్ట చేను కౌలుకిచ్చి, మా అమ్మను వెంటబెట్టుకుని నేను మార్కాపురం వచ్చాను. తాలూకా ఆఫీసులో ఆక్టింగు గుమాస్తా పని. ఆక్టింగు అంటే కుర్చీ ఉంటుంది గాని అది మనది కాదు. రెవెన్యూ టెస్టు పాసయితే ఖాయం చేస్తారు. పాసు కాకపోతే మళ్లీ మెట్ట చేను, మళ్లీ మబ్బుల వైపు చూపు. మా అమ్మ మోకాళ్లు అప్పటికే అరిగిపోయినాయి. ఆమెను తిరిగి కలుపు గట్ల మీదికి తీసుకుపోవడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. కాబట్టి ఆ పరీక్ష నా ఒక్కడిదే కాదు.

మేమున్న ఇల్లు పెద్ద మట్టి మిద్దె. దాని యజమాని కొనకనమిట్ల దగ్గరి రైతు. అద్దెకివ్వడానికని ఇంటిని అడ్డగోడలతో మూడు వాటాలు చేయించాడు. గోడలు పెట్టించినవాడు దూలాల దాకా లేపించి ఉంటే ఈ కథే లేదు. మనిషి చెయ్యెత్తితే అందేంత ఎత్తుకు లేపి, ఇంక చాల్లే అనుకున్నాడు. పైన దూలాలు మాత్రం మూడిళ్లకూ ఉమ్మడి. అందువల్ల ఒక వాటాలో తాలింపు వేస్తే మూడు వాటాల్లో తుమ్మేవాళ్లం. తూర్పు వాటా మాది. పడమటి వాటాలో మా ఆఫీసులోనే పనిచేసే ఒకాయన ఒంటరిగా ఉండేవాడు. గిద్దలూరు వైపు మనిషి. నాకన్నా కొంచెం పెద్ద. వరసలు కలుపుకుని నేను ఆయనను అన్నా అనేవాణ్ణి. ఆ ఇల్లు నాకు చూపించినవాడు, ఆఫీసులో ఫైలు కట్టడం నేర్పినవాడు, పరీక్ష పుస్తకాలు తెచ్చి ఇచ్చినవాడు ఆయనే. మా అమ్మ గోంగూర నూరితే ముందు ఒక గిన్నె పడమటి వాటాకు పోయేది. "తినురా నాయనా, చెయ్యి కాల్చుకోని ఏం తింటావు" అని ఆమె, "నీ చేతి కారం తిన్నంక హోటలు కూడు యాడ దిగుతాది చిన్నమ్మా" అని ఆయన. ఆయనది కూడా ఆక్టింగు పనే. ఆయన కూడా అదే టెస్టుకు కట్టాడు. ఖాయం కాబోయే ఖాళీ ఒక్కటే ఉందని మా ఇద్దరికీ తెలుసు. తెలిసినా దాన్ని గురించి నవ్వుకుంటూనే మాట్లాడుకునేవాళ్లం.

నడిమి వాటా కొన్నాళ్లు ఖాళీగా ఉండి, చలికాలంలో దూది ఏకే కుటుంబం ఒకటి దిగింది. భార్యాభర్తలిద్దరే. ఆయన మా అమ్మను అక్కా అని పిలిచాడు గనక నాకు మామ అయ్యాడు. దూలానికి పెద్ద విల్లు వేలాడదీసి, దాని తంతిని దూదిలో ఆనించి, చెక్క గుండుతో కొడతాడు. తంతి అదిరినప్పుడల్లా అణిగిపోయిన దూది నురగలా పైకి లేస్తుంది. పాత పరుపుల్లో గడ్డకట్టిన దూదిని మళ్లీ పువ్వులా చేసి ఇవ్వడం ఆయన పని. పెళ్లిళ్లు దగ్గరపడే కొద్దీ పరుపులు, దిండ్లు చుట్టుపక్కల పల్లెల నుంచి బండ్ల మీద వచ్చేవి. చూడటానికి ఎంత బాగుంటుందో, గోడ అవతల కూర్చుని వినడానికి అంత కష్టంగా ఉంటుంది. ఆ చప్పుడు చెవిలోకి రాదు, పళ్లలోకి వస్తుంది. టుంగు టుంగు మని కొంతసేపు ఒక తీరుగా సాగి, మనం దానికి అలవాటు పడుతున్నామనగానే నడక మార్చుకుంటుంది. గోడ మీదుగా దూది పింజలు ఎగిరి వచ్చి నా సిరాబుడ్డిలో పడేవి. సెక్షన్ల నంబర్లు వల్లెవేస్తూ ఉంటే ప్రతి నంబరు వెనకా ఒక టుంగు చేరేది.

వేరే వేళ చదువుకోవచ్చు గదా అంటారేమో. తెల్లవారుజాము నాది కాదు. మార్కాపురం బావుల్లో నీళ్లు ఉప్పు. ఆ నీళ్లలో పప్పు ఉడకదు. ఊరి బయట ఒక తియ్యనీళ్ల బావి ఉండేది. చీకటితోనే కావడి వేసుకుని పోయి, వరసలో నిలబడి, రెండు కడవలు తెచ్చేసరికి పొద్దెక్కేది. స్నానం, భోజనం, ఆఫీసు. దీపం పెట్టుకుని చదువుదామంటే కిరసనాయిలు రేషను. మా వాటాకొచ్చే నూనె వంటింటి బుడ్డి దీపానికే చాలదు. మిగిలింది ఆఫీసు నుంచి వచ్చినప్పటి నుంచి వెలుతురు పోయే దాకా ఉన్న సాయంత్రం. సరిగ్గా ఆ వేళకే నడిమి వాటాలో విల్లు మోగేది. పొద్దున నేను నీళ్లకు పోయేటప్పుడు అక్కడ చడీ చప్పుడూ ఉండదు. నేను కాళ్లు కడుక్కుని పుస్తకం తెరిచేసరికి మొదలు. ఈ మనిషికి నామీద ఏదో పగ ఉండి ఉండాలనిపించేది.

ఒకనాడు ఓపిక పట్టలేక లేచి నడిమి వాటా వైపు పోబోతుంటే అన్న పంచలో ఎదురై నా భుజం పట్టుకున్నాడు.

"ఏందిరా తమ్ముడా, మొగం అట్ల పెట్టినావు?"

చెప్పాను.

"నువ్వు పోవద్దు. పోయినావంటే ఆఫీసోడు దబాయించినాడు అంటాడు. ఆయనకు నోరు ఉంది, నీకు అది లేదు. నన్ను పెద్దమనిషిగా పెట్టుకో. రెండు దిక్కులా నేను మాట్లాడతా."

పెద్దమనిషిగా పెట్టుకోవడం అంటే మా ప్రాంతంలో ఉత్త మాట కాదు. ఇరుగు పొరుగు తగాదాను ఒకరికి అప్పగించేటప్పుడు రెండు పక్షాలవాళ్లూ ఆయన చేతిలో ఆకు వక్క పెట్టేవాళ్లు. పెట్టిన తర్వాత ఆ సంగతి ఆయన నోటితోనే అటూ ఇటూ పోవాలి. ఎదురుపడితే వాన గురించి, ఒంట్లో బాగోగుల గురించి మాట్లాడుకోవచ్చు. ఆ ఒక్క సంగతి మాత్రం ఎత్తకూడదు. ఎత్తితే పెద్దమనిషిని నమ్మనట్టు. మా నాయన ఒకసారి గట్టు తగాదాలో ఓపిక చాలక, అవతలి రైతును నేరుగా "నీతో ఆయనేం చెప్పినాడు?" అని అడిగాడు. ఆ మాట తెలిసిన పెద్దమనిషి మా నాయనతో ఒక్క ముక్క కూడా అనలేదు. ఆనాటి నుంచి మా అరుగు మీద కూర్చోవడం మాత్రం మానేశాడు. మా అక్క పెళ్లికి పిలిస్తే పందిరి దాకా వచ్చి, మంచినీళ్లు తాగకుండా పోయాడు. అది చూసి పెరిగినవాణ్ణి నేను. అందుకని ఆ సాయంత్రమే అన్న చేతిలో ఆకు వక్క పెట్టాను. ఆయన నడిమి వాటాలోకి పోయి, వాళ్ల దగ్గర కూడా ఆకు వక్క పుచ్చుకుని వచ్చాడు.

మర్నాడు ఆఫీసులో పెదవి విరిచాడు. "మొండి మనిషిరా. నా పని, నా ఇల్లు, నా ఇష్టం అంటాడు. పోనీ కాసేపు తగ్గించమంటే, చదువుకునేటోళ్లు ఊరి బయట ఇల్లు చూసుకోమన్నాడు. నువ్వు తొందరపడొద్దు, మెల్లంగా దారికి తెస్తా." ఆ తర్వాత నేను అడిగినప్పుడల్లా ఇంకొక్క వారం ఓపిక పట్టమనేవాడు.

నేను ఓపిక పట్టాను. చెరువు కట్ట మీదికి పోయి చదువుదామంటే పశువుల కాపర్లు చుట్టూ చేరి, చదివేది తమకు కూడా వినిపించమనేవాళ్లు. రెవెన్యూ స్టాండింగ్ ఆర్డర్లు వాళ్లకు రెండు రోజుల్లో విసుగు పుట్టించాయి గాని, మూడో రోజు నుంచి నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టారు. మిద్దె ఎక్కి కూర్చుంటే గాలికి కాగితాలు నిలిచేవి కావు. చివరికి మా అమ్మ ఒక ఉపాయం చేసింది. నడిమి వాటా అత్తను, దీపం వత్తులకని చెప్పి కొంచెం దూది అడిగింది. ఆమె ఒడినిండా ఇచ్చింది. ఆ దూది నా చెవుల్లో కుక్కుకుని, దూది చప్పుడును దూదితోనే ఆపబోయాను. నా గుండె చప్పుడు కూడా తోడై రెండూ కలిసి మోగాయి. అప్పుడప్పుడు విల్లు ఆగి, గోడ అవతల నుంచి మామ దగ్గు వినబడేది. గొంతు చించుకుని దగ్గేవాడు. ఆ దగ్గు నాకు ఎగతాళిలా తోచేది. పంచలో ఎదురైతే మాత్రం ఇద్దరం మర్యాదగా వాన గురించి మాట్లాడుకునేవాళ్లం. ఆయన నా మొహంలోకి ఏదో అడగబోతున్నట్టు చూసి, అడగకుండా లోపలికి పోయేవాడు. ఈ గడుసుతనం చూడమని నేను మనసులో అనుకునేవాణ్ణి.

అన్న సాయంత్రాలు ఇంట్లో ఉండేవాడు కాదు. చదరంగం ఆడటానికి పోయి, పొద్దు గూకినాక వచ్చి, గోడ మీదుగా, "ఎట్ల పోతా ఉంది తమ్ముడా చదువు?" అని అడిగేవాడు. పాపం, ఆ చప్పుడు భరించలేకే ఈయన కూడా ఇల్లు వదిలి తిరుగుతున్నాడని మా అమ్మా నేనూ జాలిపడేవాళ్లం.

పరీక్షకు కర్నూలు పోవాలి. ఇద్దరం కలిసే పోయాం. ద్రోణాచలంలో బండి మారేటప్పుడు మా అమ్మ కట్టిచ్చిన పులిహోర ప్లాట్‌ఫారం మీద కూర్చుని తిన్నాం. "ఇద్దరం పాసవుతాం లేరా" అన్నాడు ఆయన. పోస్టు ఒక్కటే గదన్నా అంటే, "ముందు ఒకరు, ఎనక ఒకరు" అని నవ్వాడు. పరీక్ష హాలులో ప్రశ్న చదవగానే పుస్తకంలో ఆ పేజీ ఎక్కడుందో నాకు కళ్లకు కట్టినట్టు కనిపించేది. పేజీ మీద ఏముందో మాత్రం కనిపించేది కాదు.

ఫలితాలు వచ్చాయి. ఆయన నంబరు ఉంది, నాది లేదు. నెల తిరక్కుండానే ఆయనను ఖాయం చేశారు. నా కుర్చీ ఆ నెలాఖరు దాకానే అన్నారు. మా అమ్మ ఆ రోజు కూడా గోంగూర గిన్నె పడమటి వాటాకు పంపింది. వాడైనా పాసయ్యాడు, అదే మేలు అంది. ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది. నేను కూడా మనస్ఫూర్తిగానే విన్నాను. కొద్దిరోజులకు ఆయన పెద్దవీధిలో విడి ఇల్లు చూసుకుని పడమటి వాటా ఖాళీ చేశాడు. సామాను బండికెత్తడానికి నేనే సాయం పట్టాను.

బండి పోయిన మర్నాడు, ఆదివారం, మామా అత్తా ఇద్దరూ మా గడప ముందు నిలబడ్డారు. ఆయన కొత్త అంగీ తొడుక్కున్నాడు. చేతిలో ఆకు వక్క ఉంది.

"అల్లుడా, ఒక మాట అడగాల. పెద్దమనిషి ఇల్లిడిచి పాయె. ఇంక నిన్నే అడగాల గదా."

"అడుగు మామా."

"పరీక్ష అయిపాయె. ఇంకనన్నా పొద్దున్నే ఏకనిస్తావా?"

నాకు అర్థం కాలేదు. "నేను వద్దన్నానా?"

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అత్త ముందుకొచ్చింది. "వద్దనకపోతే ఎందుకు ఆపుతాం నాయనా? నువ్వు తెల్లారుజామున లేచి చదువుతావని, ఈ చప్పుడుకు బుర్రకెక్కదని, సాయంత్రమైతే నువ్వు ఇంట్లో ఉండనే ఉండవని మేము దిగిన మర్నాడే పెద్దమనిషి చెప్పె. పిల్లోడి బతుకు ఆ పరీక్ష మీద ఉంది, సాయంత్రం పూటకు మార్చుకోండి అనె. సరే అంటిమి. ఆకు వక్క పుచ్చుకున్ననాడు కూడా ఆయన అదే మాట చెప్పె."

"సాయంత్రం నేను ఇంట్లోనే ఉండేవాణ్ణి గదత్తా. ఈ గోడకు ఇవతలే."

"చూస్తానే ఉంటిమి. ఇదేంది, ఉండడన్నోడు ఇంట్లోనే ఉండాడే, పోయి అడుగుదాం పా అని ఈయనతో ఎన్నిమార్లు అంటినో. ఆకు వక్క పెట్టినాక అడగగూడదు, పెద్దమనిషికి తలవంపులు అనె."

లోపల బియ్యం ఏరుతున్న మా అమ్మ చేట పక్కన పెట్టి వచ్చింది. "మరి మీరే మొండికేసినారని వాడు మాతో చెప్పెనే."

మామ ఆ మాటకు కోపం తెచ్చుకోలేదు. "మొండికెందుకేస్తానక్కా? దూదికి పొద్దున పూటే మేలు. గాలి ఉండదు. తలుపులు బార్లా తీసుకోని ఏకొచ్చు. సాయంత్రం నల్లమల దిక్కు నుంచి గాలి లేస్తాది. తలుపులు మూసుకోని ఏకితే దుమ్మంతా రొమ్ములోకే పాయె."

"దగ్గి దగ్గి సగమైనాడు" అంది అత్త. "అయినా పిల్లోడు పాసైతే చాల్లే అనేటోడు. పాసైనావా నాయనా?"

నేను లేదన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొద్దున పూట మూడు వాటాల్లో ఎవరు ఇంట్లో కూర్చుని చదువుతారో నలుగురికీ ఒక్కసారే తట్టినట్టుంది. ఎవరమూ ఆయన పేరెత్తలేదు. మామ ఆకు వక్క నా చేతిలో పెట్టబోయి, మళ్లీ ఆగి, "ఇంక ఇది ఎందుకులే, ఇద్దరమూ ఎదురెదురుగానే ఉండాం గదా" అని తన జేబులోనే వేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే పెద్దవీధికి పోయాను. అన్న కొత్త ఇంటి గోడకు మేకు కొడుతున్నాడు. నేను చెప్పింది అంతా విన్నాడు. మేకు మీద ఇంకొక దెబ్బ వేసి, పటం తగిలించి, వంకర ఉందా అని నన్నే అడిగాడు. తర్వాత ఇటు తిరిగాడు.

"పొద్దున పూట ఒకటే ఉండె తమ్ముడా. అది నాకూ కావాల్సి వచ్చె. నీకు ఎట్లాగూ అది పనికిరాదు, నీళ్లకు పోతావు."

"సాయంత్రం నాకు పనికొచ్చేది గదన్నా. అది నీకు తెలుసు."

"తెలుసు" అన్నాడు. "మీరిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోని ఉంటే అయిపోయేది గదరా. నేనేమన్నా మీ నోళ్లు కుట్టినానా?" అన్నాడు.

మా నోళ్లు కుట్టింది ఆయన మీద మాకున్న నమ్మకం. ఆ కుట్టు ఎక్కడ పడుతుందో తెలిసే ఆయన ఆకు వక్క పుచ్చుకున్నాడు. పరీక్ష పోవడం పెద్ద విషయం కాదు. తర్వాతి సారి రాశాను, పాసయ్యాను. మామ దగ్గు ఆ ఎండాకాలానికి తగ్గింది. ఒకే గోడకు అటూ ఇటూ కూర్చుని, ఒకరి మర్యాద ఒకరికి శిక్షగా అనుభవించామే, దానికి మాత్రం సర్దుబాటు లేదు.

నెలాఖరుకు మేము హనుమంతునిపాడు బండి కట్టుకున్నాం. వీడ్కోలు చెప్పడానికి అన్న వచ్చాడు. రాకుండా ఉంటే నలుగురూ ఏమనుకుంటారోనని వచ్చి ఉంటాడు. మా అమ్మ ఆయనను కూర్చోమంది, మజ్జిగ ఇచ్చింది, ఒక్క మాట తూలలేదు. "పోయొస్తాం గుమాస్తా గారూ, తమరి దయ ఉండాల" అంది. అంతకు ముందు దాకా నాయనా తప్ప వేరే పిలుపు ఎరగని మనిషి. ఆయన చేతిలో మజ్జిగ గ్లాసు అట్లాగే ఉండిపోయింది. మా అమ్మ బండెక్కి, మోకాళ్లు సర్దుకుని, పోనియ్యమంది. ఆ ఏడాది ఆమె కలుపు తీయడానికి పోయింది. నేను వద్దన్నా పోయింది.

తర్వాత ఉద్యోగంలో ఆయనా నేనూ చాలాసార్లు కలిసి పనిచేశాం. కొంతకాలం ఆయన కిందే చేశాను. నా మీద పైవాళ్లకు ఎప్పుడూ చెడ్డ రాయలేదు. నేను ఆయనను సార్ అనేవాణ్ణి. ఆయన దాన్ని హోదాకు ఇచ్చిన మర్యాద అనుకున్నాడో, ఏమనుకున్నాడో. రిటైరైన తర్వాత గిద్దలూరులో ఒక పెళ్లిలో ఎదురుపడ్డాం. జుట్టు పూర్తిగా నెరిసింది. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుని, తన మనవళ్లకు నన్ను చూపించి, "మీ తాతా, ఈ తాతా మార్కాపురంలో ఒకే ఇంట్లో ఉంటిమిరా. వీళ్లమ్మ గోంగూర నూరితే ముందు నాకే. అట్లాంటి రోజులు మళ్లీ రావు" అన్నాడు. ఆయన కళ్లల్లో నిజంగానే నీళ్లు తిరిగాయి. నటన అయితే నేను గుర్తుపట్టి ఉందును. ఆయనకు ఆ ఇంటి పులిహోర, గోంగూర, నవ్వులు మాత్రమే మిగిలాయి. మిగతాది ఎప్పుడో రాలిపోయింది. అవే రోజులు, అదే ఇల్లు. కాలం వాటిని ఆయన వైపు అరగదీసి నున్నగా చేసింది. నా వైపు మాత్రం చెయ్యి వెయ్యలేదు.